పర్షియా రాకుమారుడు పాతబడ్డాడా?



ఒకే వీరుడి కథను ఎన్నేళ్ళు నడిపించవచ్చు? ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. ధారావాహికలు రాసినవాళ్ళూ, సినిమాలు తీసినవాళ్ళూ దీనితో తంటాలు పడ్డవాళ్ళే. ఇప్పుడు వీడియో గేములు తయారుచేసేవాళ్ళ వంతు వచ్చింది. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' అనే సాహసక్రీడ 1989లో పుట్టింది. అప్పట్లో దాన్ని ఆడిన కుర్రాళ్ళకు ఇప్పుడు ఎదిగిన పిల్లలున్నారు. ఆ పిల్లలూ అదే పేరుతో వస్తున్న ఆటలు ఆడుతున్నారు. ఇన్నేళ్ళ తరవాత ఆ రాకుమారుడిలో ఇంకా సత్తువ ఉందా, లేక పాత పేరు చెప్పుకుని బతుకుతున్నాడా అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఆటలు పిల్లల వ్యవహారం అనుకునే పెద్దలు కూడా దయచేసి వినండి. చందమామ చదివి పెరిగినవాళ్ళయితే ఈ విషయంలో మీకూ చెప్పదగ్గ మాట ఉంటుంది.

పాతనగరంలో మా గౌలిపుర, లాల్ దర్వాజ, శాలిబండ వైపు గల్లీల్లో గంటకు ఇంత అని తీసుకుని ప్లేస్టేషన్ ఆడనిచ్చిన దుకాణాలు ఒక తరం పిల్లలకు ఈ ఆటలను అలవాటు చేశాయి. ఇరుకు గది, వరసగా టీవీలు, తెలుగూ ఉర్దూ కలగలిసిన కేకలు. ఇప్పుడు ఆ పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు, ఆడితే ఇంట్లోనే ఆడుకుంటున్నారు. కొత్త ఆట వచ్చిందంటే మాత్రం చాయ్ దగ్గర పాత వాదన మొదలవుతుంది. "ఏమున్నదన్నా అండ్ల? మల్ల గదే దునుకుడు, గదే గోడలెక్కుడు" అంటాడొకడు. "నాకు గదే గావాలె. అది తీసేస్తే ఇంక గా ఆట ఎందుకు?" అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ రెండు నిజాలూ ఎక్కడ కలుస్తాయో వెతకాలి.

ఒక సంగతి ముందే చెప్పాలి. పర్షియా రాకుమారుడు హైదరాబాద్ వాళ్ళకు పరాయివాడు కాడు. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కన్‌కు వచ్చాడు. 1591లో చార్మినార్ చుట్టూ ఈ నగరానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరాన్ వాడే. పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా ఇక్కడి సర్కారు కచేరీల భాష పారసీ. గౌలిపుర నుంచి చార్మినార్ నడిచిపోయేంత దూరం. ఆటలో ఎదురయ్యే కమాన్లూ, మినార్లూ, జాలీ కిటికీలూ మా పిల్లలు బడికి పోతూ చూసేవే. అందుకే ఈ ఆట మీద మాకు కాస్త ఎక్కువ మమకారం. మమకారం ఉన్నచోట కోపం కూడా ఎక్కువే.

మొదటి ఆటను తయారుచేసింది జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ యువకుడు. వెయ్యిన్నొక్క రాత్రుల కథల ఛాయలో చిన్న కథ అల్లుకున్నాడు. సుల్తాను యుద్ధానికి వెళ్ళిన సమయంలో జాఫర్ అనే వజీరు రాకుమారిని నిర్బంధించి, తనను పెళ్ళాడతావా, చస్తావా తేల్చుకొమ్మని గంట గడువు పెడతాడు. నేలమాళిగలో ఖైదీగా పడి ఉన్న కథానాయకుడు ఆ గంటలో పన్నెండు దశలు దాటి ఆమెను చేరుకోవాలి. ఆ గంట కథలోని గంట మాత్రమే కాదు, మన గోడ గడియారంలోని గంట కూడా. అరవై నిమిషాలు దాటితే ఆట ఓడినట్టే.

అప్పటి ఆటల్లో బొమ్మలు కీలుబొమ్మల్లా కదిలేవి. మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు వేసి, పరుగెత్తించి, దూకించి వీడియో తీశాడు. ఆ కదలికల్ని ఒక్కొక్క బొమ్మగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అందుకే తెర మీద వేలెడంత ఉన్న ఆ మనిషికి ఒళ్ళు బరువు ఉన్నట్టే ఉంటుంది. పరుగెత్తుతున్నవాణ్ణి ఆగమంటే ఉన్నచోట ఆగడు, జారి ఆగుతాడు. గుంట అంచున ఆపాలంటే ముందుగానే మీట వదలాలి. దూకుడు కాస్త తగ్గితే వేళ్ళ కొసలతో అంచు పట్టుకుని వేలాడతాడు. కాలు పెట్టిన పలక గలగలలాడి ఊడిపడుతుంది. ఆడుతున్నవాడికి తన అరికాళ్ళు జివ్వుమంటాయి. ఆ జివ్వుమనడమే ఈ ఆటకు ప్రాణం.

ఆ ఆటలో ఒక ఘట్టం ఉంది. నాలుగో దశ చివర దారికి అడ్డంగా నిలువెత్తు అద్దం నిలబడుతుంది. పక్కకు తప్పుకునే చోటు లేదు. పరుగెత్తి అద్దంలోకే దూకాలి. దూకిన క్షణంలో అద్దంలోంచి రాకుమారుడి నీడ బయటికి వచ్చి ఎదురు దిశలో పారిపోతుంది. ఆ తరవాత దశలో మనం తాగవలసిన మందు ఆ నీడ తాగేస్తుంది. ఇంకో దశలో మనం చేరబోయే ద్వారాన్ని మూసేసి లోయలోకి పడేస్తుంది. చివరి దశలో కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. మనం కూడా కత్తి దూస్తాం. దాన్ని పొడిస్తే మన ప్రాణమే తరిగిపోతుంది. ఎంత నేర్పుగా పోరాడినా అంతే. కత్తిని ఒరలో పెట్టి, చేతులు దించి, దాని వైపు నడవాలని తట్టినవాడికే దారి. నడిస్తే ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసిపోతారు. పదకొండు దశల పాటు పొడవడం నేర్పిన ఆట, పన్నెండో దశలో పొడవడం మానుకొమ్మంటుంది.

ఈ ఊహ లేమిలో పుట్టింది. ఆట తయారైన ఆపిల్ టూ కంప్యూటర్‌లో ఇంకో శత్రువు బొమ్మకు చోటు లేదు. మెమొరీ అంతా రాకుమారుడి కదలికలకే సరిపోయింది. ఉన్న బొమ్మనే ఒక్క చుక్క పక్కకు జరిపి దాని మీదే వేసి చూస్తే, మిలమిలలాడే ఛాయారూపం వచ్చింది. వేరే శత్రువు దొరకనందువల్ల రాకుమారుడికి తానే శత్రువయ్యాడు. నా అభిప్రాయంలో ఈ వరస మొత్తంలో ఇంతకంటే గొప్ప ఆలోచన రాలేదు.

తరవాత 2003లో యుబీసాఫ్ట్ సంస్థ మాంట్రియల్ స్టూడియోలో 'ది శాండ్స్ ఆఫ్ టైమ్' తయారైంది. కథ మళ్ళీ మెక్నర్‌దే. ఇందులో మన దేశం ఉంది. ఒక భారతీయ మహారాజు కోట మీద పర్షియా సైన్యం దండెత్తుతుంది. రాకుమారుడు అక్కడ ఒక బాకు చేజిక్కించుకుంటాడు. ఆ బాకులోని ఇసుకకు కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి ఉంది. ఆ మహారాజు కూతురు ఫరా. ఇద్దరి మధ్యా మొదట శత్రుత్వం, తరవాత స్నేహం. ఇక్కడా దూకుడే, ఇక్కడా గోడలెక్కుడే. కాని పడిపోయినవాడు మీట నొక్కితే పడక ముందటి క్షణానికి వెళ్ళిపోతాడు. మొదటి ఆట 'నీకున్నది గంటే' అని తరిమితే, ఈ ఆట 'తప్పు దిద్దుకునే అవకాశం వస్తే ఏం చేస్తావు?' అని అడిగింది. అంతేకాదు, ఆట మొత్తం రాకుమారుడు ఒకరికి చెబుతున్న కథ. మనం చేజేతులా చస్తే, 'అలా జరగలేదు, తప్పు చెప్పాను' అన్న ధోరణిలో సర్దుకుని మళ్ళీ మొదలుపెడతాడు. చివరికి తెలుస్తుంది, వింటున్నది ఫరాయే అని. కాలం వెనక్కి తిరిగింది కనక ఆమెకు అతనెవరో కూడా తెలియదు.

ఇప్పుడు చందమామ మాటకు వస్తాను. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో 1955 నుంచి బేతాళ కథలు వచ్చాయి. సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదు. అవి అయిపోయాక చందమామ వాళ్ళు ఆపలేదు. కొత్త కథలు రాయించి అదే చట్రంలో బిగించి దశాబ్దాల పాటు నడిపారు. నెలనెలా చెట్టు అదే, శవం అదే, రాజు భుజం అదే, పైన శంకర్ గీసిన బొమ్మ అదే. అయినా పిల్లలు పత్రిక రాగానే ముందు ఆ పేజీయే తిప్పేవాళ్ళు. ఎందుకంటే చివర ఒక ప్రశ్న ఉంటుంది. ఎవరి త్యాగం గొప్పది, ఎవరి తీర్పు న్యాయమైనది, తప్పు ఎవరిది అని బేతాళుడు నిలదీస్తాడు. ఆ ప్రశ్న పోయిన నెల ప్రశ్న కాదు. విక్రమార్కుడు నోరు తెరిచేలోపే మనం మనసులో ఒక జవాబు చెప్పుకుంటాం. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' మొదలుకొని రాసిన సాహస ధారావాహికలు చూడండి. మాంత్రికులు, వింత మృగాలు, కొండలు, కోనలు అన్నింట్లోనూ ఉంటాయి. కాని ఆ కోనలోకి వెళ్ళవలసిన అవసరం ప్రతిసారీ కొత్తది.

నేను చెప్పదలచుకున్నది ఇదే. చట్రం ఎన్నేళ్ళయినా పాతబడదు. అందులో పెట్టే ప్రశ్న పాతబడినప్పుడు వరస చచ్చిపోతుంది. చాయ్ దగ్గర "గదే గావాలె" అన్నవాడు చట్రాన్ని అడుగుతున్నాడు. "ఏమున్నదండ్ల" అన్నవాడు ప్రశ్నను అడుగుతున్నాడు. మంచి ఆట ఇద్దరికీ సమాధానం చెప్పగలదు.

ఈ కొలబద్దతో రాకుమారుడి మిగతా జీవితాన్ని కొలుద్దాం. 2004లో వచ్చిన 'వారియర్ వితిన్' రాకుమారుణ్ణి కరకువాణ్ణి చేసింది. హోరెత్తే సంగీతం, చిందే నెత్తురు, కసిరే మాటలు. కత్తియుద్ధం మెరుగుపడ్డ మాట నిజమే. కాని ఆ నలుపంతా పైపూత. మెక్నర్ కూడా ఆ ధోరణి, ఆ హింస తనకు నచ్చలేదని బాహాటంగానే చెప్పాడు. 2005లో 'ది టూ థ్రోన్స్' రాకుమారుడి లోపల ఇద్దరు మనుషుల్ని పెట్టి పాత నీడ ఆలోచనను మళ్ళీ తట్టి లేపింది. 2008లో వచ్చినది ఇంకా ధైర్యం చేసింది. అందులో రాకుమారుడు చావడు. పడబోతే ఎలికా అనే తోడు చెయ్యి పట్టి పైకి లాగుతుంది. ఆట మరీ తేలికైపోయిందని చాలామంది విసుక్కున్నారు. నేను ఆ విసుగును ఒప్పుకోను. ప్రతి అడుగులోనూ మనల్ని కాపాడిన మనిషి కోసం చివర ఏం చేస్తావు అని ఆ ఆట వేసిన ప్రశ్న నిఖార్సయినది. 2010లో సినిమా వచ్చింది. సినిమాతోపాటు అమ్ముకోవడానికి 'ది ఫర్గాటెన్ శాండ్స్' అనే ఆట వచ్చింది. అందులో నీటిని గడ్డకట్టించే చక్కటి గమ్మత్తు ఉంది, ప్రశ్న లేదు. ఆ తరవాత రాకుమారుడు ఏళ్ళ తరబడి అజ్ఞాతవాసంలోకి పోయాడు.

ఆ అజ్ఞాతవాసానికి ఒక కారణం రాకుమారుడి ఇంట్లో పుట్టినదే. ప్రిన్స్ ఆఫ్ పర్షియా కొనసాగింపుగా మొదలైన పని దారి మళ్ళి 2007లో 'అసాసిన్స్ క్రీడ్' అనే కొత్త ఆటయింది. యుబీసాఫ్ట్ 2009 నుంచి 2015 దాకా ఏడాది తప్పకుండా దాన్ని విడుదల చేసింది. ఇటలీ, అమెరికా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ అంటూ ఊళ్ళు మారాయి. పని మాత్రం మారలేదు. ఎత్తైన బురుజు ఎక్కు, చుట్టూ చూడు, పటం తెరుచుకుంటుంది, కింద గడ్డిబండిలోకి దూకు, పక్క బురుజు వైపు నడువు. మొదటిసారి ఆ బురుజు కొస మీద నిలబడి నగరాన్ని చూసినప్పుడు ఊపిరి ఆగిపోతుంది. వందోసారి అది హాజరుపట్టీలో సంతకం. 2014లో 'యూనిటీ' అనే ఆటను ఎంత తొందరగా తెచ్చారంటే, మనుషుల ముఖాలు మాయమై కళ్ళూ పళ్ళూ మాత్రమే కనిపించిన బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి. సంస్థ క్షమాపణ చెప్పుకుంది. 2016లో పెద్ద ఆట ఏదీ వేయకుండా ఆగి, 2017లో ఈజిప్టు కథతో తేరుకుంది. ఆ ఈజిప్టు ఆట అందంగానే ఉంటుంది. కాని అక్కడి నుంచి రోగం ఇంకో రూపం తీసుకుంది. 2020 నాటి 'వల్హల్లా'లో ఉన్నవన్నీ చేయాలంటే వంద గంటలు చాలవు. మెక్నర్ గంటలో చెప్పి ముగించినవాడు. వంద గంటలిచ్చినా ఈ ఆట అద్దం ముందు నిలబెట్టినంత గట్టిగా మనల్ని ఒక్కసారీ నిలబెట్టదు.

ఆ వరసలో మన దేశం కూడా ఉంది. 2016 జనవరిలో 'అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా' అనే చిన్న ఆట వచ్చింది. 1841 నాటి సిక్కు రాజ్యం, అర్బాజ్ మీర్ అనే కథానాయకుడు, మధ్యలో కోహినూర్. ఆ వజ్రం కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆటలో రంగులు బాగుంటాయి, గోడల మీద మెహందీ ముగ్గులాంటి అలంకారం ఉంటుంది. కాని చేసే పని చైనాలో, రష్యాలో నడిచిన తోబుట్టు ఆటల్లో చేసినదే. ఊరి పేరు మార్చినంత మాత్రాన కథ మారదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక రాకుమారుడి పునరాగమనం. 2024 జనవరిలో ఫ్రాన్స్‌లోని మోంపెలియే స్టూడియో వాళ్ళు 'ది లాస్ట్ క్రౌన్' తెచ్చారు. చూడగానే తెలుస్తుంది, వీళ్ళు 1989 నాటి చట్రం దగ్గరికి తిరిగి వెళ్ళారని. పక్కనుంచి కనిపించే తెర, పరుగు, దూకుడు, ముళ్ళు, కత్తి. కాని ఇందులో కథానాయకుడు రాకుమారుడే కాడు. సర్గోన్ అనే యువ యోధుడు. అపహరణకు గురైన రాకుమారుణ్ణి వెతుక్కుంటూ కాఫ్ పర్వతానికి వెళతాడు. అక్కడ కాలం కట్టు తప్పి ఉంది. ఒక గదిలో వాన, పక్క గదిలో నిలిచిపోయిన తుఫాను. పర్వతానికి అధిదేవత సీమూర్గ్ పక్షి, ఫిర్దౌసి షానామాలోని పక్షి. ఆ కవి మీద జాషువా 1932లోనే తెలుగులో కావ్యం రాశాడు, కనక ఆ పేరు మనకూ దూరం కాదు. ఈ ఆటలో పాత్రలు పారసీలో మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది. పర్షియా పేరు పెట్టుకున్న ఆట పర్షియా భాషలో వినిపించడం ఈ వరసలో ఇదే మొదలు.

అందులో ఒక చిన్న ఏర్పాటు నన్ను బాగా ఆకట్టుకుంది. దారి మూసుకున్న చోట, చేతికందని పెట్టె దగ్గర, మనం ఒక మీట నొక్కితే ఆ దృశ్యం ఫొటోగా మారి పటం మీద ఆ స్థలంలో అతుక్కుంటుంది. కొత్త శక్తి వచ్చాక పటం తెరిచి, 'ఆ రోజు ఇక్కడ ఆగిపోయాను కదా' అని గుర్తు చేసుకుని వెళ్ళవచ్చు. ఇలాంటి చిక్కుదారుల ఆటల్లో దారి మరిచిపోయి విసుగెత్తడం ఎప్పటినుంచో ఉన్న బాధ. దాన్ని పోగొట్టడానికి వీళ్ళు ఆటను తేలిక చేయలేదు, ఆడేవాడి జ్ఞాపకానికి ఆసరా ఇచ్చారు. ముప్పై అయిదేళ్ళ పాత చట్రంలో ఇంత కొత్తదనం పట్టిందంటే, చట్రం పుచ్చిపోయిందని ఎలా అంటాం?

కాని ఇక్కడే బాధపడవలసిన సంగతి ఉంది. విమర్శకులు మెచ్చుకున్న ఆ ఆట సంస్థ ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 2024 ముగియకముందే ఆ బృందంలోని వాళ్ళను వేరే పనులకు పంపేశారు. మరోవైపు 2003 నాటి ఆటను కొత్త బొమ్మలతో మళ్ళీ చేస్తామని 2020లో ప్రకటించారు. ఆ పని పుణె, ముంబయి స్టూడియోల్లో మొదలైంది. భారతీయ రాకుమారి ఉన్న కథ భారతీయుల చేతికి వచ్చిందని మనం మురిసిపోయాం. 2022లో పని మాంట్రియల్‌కు తరలిపోయింది. 2026 జనవరిలో దాన్ని పూర్తిగా రద్దు చేశారు. కొత్త ప్రశ్న వేసిన ఆటను జనం తగినంతగా కొనలేదు. పాత ప్రశ్ననే మళ్ళీ వేయబోయిన ఆట పూర్తే కాలేదు.

కాబట్టి తప్పంతా కంపెనీలదే అని చేతులు దులుపుకోవడం కుదరదు. ప్రతి ఏడాదీ అదే ఆటను కొని, ఆడి, తిట్టి, మళ్ళీ కొన్నది మనమే. తెలియని కథానాయకుడి పేరు, పక్కనుంచి కనిపించే బొమ్మ చూసి 'ఇది చిన్న ఆట' అని పక్కన పెట్టిందీ మనమే. బేతాళ కథల్ని నిలబెట్టింది రచయితలు మాత్రమే కాదు. ప్రశ్న కోసం ఎదురుచూసిన పాఠకులు కూడా.

నా తీర్పు చెప్పేస్తాను. ప్రిన్స్ ఆఫ్ పర్షియా పాతబడలేదు. వాణిజ్యపు ఒత్తిడిలో కొన్నిసార్లు అలిసిపోయింది, సొంత ప్రశ్న దొరికిన ప్రతిసారీ లేచి నిలబడింది. అసాసిన్స్ క్రీడ్ మాత్రం చాలావరకు పాతబడింది. నగరాలను కట్టడంలో దానికున్న నేర్పు గొప్పదే. ఆ నగరాల్లో మనల్ని ఏం అడగాలో అది మరిచిపోయింది. ఏ ఆటకైనా మీరే పరీక్ష పెట్టండి. పోయిన ఆటలో మీ వేళ్ళు నేర్చుకున్నది ఈ ఆటను మొదటినుంచి చివరిదాకా గట్టెక్కిస్తే అది పాతదే. వేళ్ళకు తెలిసినా బుర్రకు పని తగిలితే అది కొత్తదే.

చివరగా మా గౌలిపుర పిల్లలకూ, హైదరాబాద్‌లో కంప్యూటర్ చదువులు చదువుతున్న యువతీయువకులకూ ఒక మాట. మొదటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' కోసం మెక్నర్ రాసిన మూల ప్రోగ్రాం ఉండి, పోయాయనుకున్న ఫ్లాపీలు ఆయన తండ్రికి దొరికాయి. మెక్నర్ 2012లో ఆ ప్రోగ్రాంను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేశాడు. దాన్ని తెచ్చుకుని చదవండి. ఒక మనిషి, ఒక తమ్ముడు, కొద్దిపాటి మెమొరీతో ఏం చేశారో చూడండి. తరవాత గోల్కొండకు వెళ్ళి కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వెళుతుంది. శబ్దంతో కాపలా కాసిన ఆ కోటలో, అడుగు చప్పుడే ఆయుధమూ ప్రమాదమూ అయ్యే ఆట ఒకటి దాగి ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ చేయలేదు కదా అని ఎదురుచూడకండి. ఒక్క దశ చేయండి, చిన్నదే చేయండి. మన పిల్లలు ఆడదగిన ప్రశ్న ఒకటి అందులో పెట్టండి.